పదకొండు

మా ముత్తాత బైరి ఓదెలుకు
మూడు మగ్గాలు, ముగ్గురు పెండ్లాలు.
మగ్గం గుంత ఖాళీగుంటే ఇంటికి అరిష్టమని
రెండో పెండ్లి చేసుకున్నడట.
మూడోదానికి ఏ కారణమూ చెప్పలేదు.
అడిగే ధైర్యం కొత్తవాడల ఎవలికుండె?

ఐలవ్వకు ఎనిమిది మంది, బుచ్చవ్వకు ఏడుగురు,
సాంబలక్ష్మికి ఇరవై నిండకముందే నలుగురు.
దండెం మీద అంగీలన్నీ ఒక్క తాను గుడ్డవే,
ఎవలికి పడితే అది వాళ్లది.

పొద్దుగూకి కందిలి ముట్టించినంక
ఆయన గడప మీద కూసోని
గజంబద్దతోని నేల మీద దెబ్బ కొట్టేటోడు.
దెబ్బకొక గొంతు లేవాలె.
ఒకటి.
రెండు.
మూడు.
పేర్లు పిలిచేటోడు కాదు, మొకాలు చూసేటోడు కాదు.
అంకె తడబడితే
బద్ద నేల మీంచి వీపు మీదికొచ్చేది.
పందొమ్మిది దాక పోయినంకనే బువ్వ.

గత్తరొచ్చిన ఏడు
జంపఖానాల మూటలు కట్టుకోని పట్నం పోయిండు.
పోతూ పోతూ ముగ్గురికీ ఒక్కటే మాట:
"నేనొచ్చేటాళ్లకు లెక్క తప్పొద్దు."

తప్పింది.
పదకొండోడు, బుచ్చవ్వ కొడుకు కట్టయ్య,
పొద్దుగాల కక్కిండు, మాపటికి లేడు.
ఆ దినాలల్ల ఎవల పీనుగ ఎవలు మోసిన్రో
ఎవలికెరుక?

ఉప్పుకు కొట్లాడుకునేటోళ్లు, నూనెకు కొట్లాడుకునేటోళ్లు,
ఆ ముగ్గురు ఆ ఒక్కసారే ఒక్కటైన్రు.
సాంబలక్ష్మి కొంగు కప్పుకోని
కాజీపేట టేషన్‌కు నడిచిపోయింది.
పట్టాల పక్కన బొగ్గులేరుకునే పోరడు, ఆరేండ్లుంటయి.
ఏ ఊరంటే ఏడ్సిండు,
ఏ కులమంటే ఆకలన్నడు.

ఐలవ్వ కుంకుడుకాయతోని తల రుద్దింది.
పోయినోని అంగీ తొడిగింది.
ఎనిమిది దినాలు ముగ్గురు తల్లులు కూసోబెట్టి
ఒక్కటే మాట నేర్పిన్రు.
మా తాత మా ఇంట్ల నేర్చిన తొలి మాట
అమ్మ కాదు, పదకొండు.

బుచ్చవ్వ మాత్రం వాని దిక్కు తిరిగి పండలేదు.
నడిజాము దాక మగ్గం ఆడించేది.
ఆ చప్పుడు కింద ఏం దాసుకున్నదో గాని
ఆ వారం జంపఖాన మూరెడు ఎక్కువ పెరిగింది.

ఓదెలు వచ్చిండు.
కాళ్లు కడుక్కున్నడు. గడప మీద కూసున్నడు.
తొమ్మిది. పది.
దెబ్బ.
"పదకొండు."
బద్ద గాలిల ఆగింది.
మూడు తలుపుల కాడ ముగ్గురు ఆడోళ్లు.
చేతి పక్కనే కందిలి,
ఎత్తి చూస్తే చాలు.
ఎత్తలేదు.
బద్ద కిందికొచ్చింది.
పన్నెండు అన్నది ఇంకో గొంతు.

నెల తిరగకముందే ఆ పోరడు గంజికుండ పలగ్గొట్టిండు.
అందరి పిల్లల్ని కొట్టినట్టే కొట్టిండు,
ఒకటి తక్కువ కాదు, ఒకటి ఎక్కువ కాదు.
ముసలితనంల మా తాత అంగీ ఎత్తి
ఆ వాత చూపెట్టి నవ్వేటోడు:
"ఇగో, ఇది నా పట్టా."

నాకెన్నడు నవ్వు రాలె.
దెబ్బను చుట్టరికమనుకునే ఆకలి
ఎంత లోతుంటదో నా కడుపుకు తెల్వది.
ఓదెలు మంచోడని నేను చెప్పను.
ఐలవ్వకు ఎడమ చెవు వినపడకపోయేది,
అది గూడ ఆ బద్ద పనే.

కానీ పెత్రమాస సంగతొకటి చెప్పాలె.
బుచ్చవ్వ బతికినన్ని ఏండ్లు
ఆ పొద్దు మోదుగాకు విస్తరి ఒకటి ఎక్కువేసేది,
పప్పు, తోటకూర, ఇంత బెల్లమన్నం.
దానికెదురుంగనే కూసోని
మా తాత తన విస్తరి తినేటోడు.
ఒక్క పేరుకు రెండు విస్తర్లు.
రాత్రి రాత్రి లెక్కజూసే ఆ మనిషి
విస్తర్లు మాత్రం
ఎన్నడు లెక్కపెట్టలే.